కామా దగ్గర ఆగిపోయిన నవల

ఈ రోజుల్లో నవల రాసినవాడికి ఉన్న సుఖం మరొకడికి లేదు. అట్టబొమ్మ తయారవగానే ఫోనులో పెట్టేస్తాడు. మరుక్షణం చుట్టాలూ పక్కాలూ, మొహం తెలియనివాళ్ళూ కూడా బొటనవేళ్ళు పైకెత్తేస్తారు. లోపల ఏముందో చదివేవాడు లేడు గనక రచయితకి దిగులూ లేదు. మా కాలం సంగతి అలా కాదు. డెబ్బైల్లో బెజవాడలో నవల అచ్చయిందంటే జనం దాన్ని నిజంగానే చదివేసేవారు! సందుకో అద్దె లైబ్రరీ ఉండేది. వంట ముగించుకున్న ఆడవాళ్ళూ, కొట్టు కట్టేసిన గుమాస్తాలూ, కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్ళూ వచ్చి నిన్నటి నవల ఇచ్చేసి ఇవాళ్టిది పట్టుకుపోయేవారు. చదివి ఊరుకునేవారా? రచయిత దొరికితే నిలదీసేవారు. ఈ మాట ఎక్కడన్నా అంటే, “మీకేంటండీ, అదృష్టవంతులు, అప్పట్లో పాఠకులుండేవారు” అంటారు ఇప్పటి పిల్లలు. ఉండేవారు నాయనా, ఉండేవారు. వాళ్ళు ఉండబట్టే నా మొదటి నవల బయటికొచ్చిన కొత్తలో నాకు అన్నం సయించలేదు, కంటికి కునుకు పట్టలేదు, చివరికి చెరకు బళ్ళ మధ్యన పడి పరిగెత్తాల్సి వచ్చింది.

నేను చదువుకున్నవాణ్ణి కాను. మాది బందరు అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె. అయిదో తరగతి అవగానే మా అయ్య (మా ఇంట్లో నాన్నని అలాగే పిలిచేవాళ్ళం) నన్ను పడవెక్కించాడు. ఎక్కించిన కాసేపటికే తిన్నదంతా కక్కి పడవ పాడుచేశాను. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. జాలరి కడుపున పుట్టి సముద్రం పడనివాణ్ణి ఏం చెయ్యాలో తోచక, మా అయ్య నన్ను బెజవాడ తీసుకొచ్చి వన్ టౌన్‌లో తాళ్ళూ వలలూ అమ్మే హోల్‌సేల్ కొట్లో పెట్టాడు. “సముద్రంలోకి పోకపోయినా సముద్రానికి కావాల్సినవి అమ్ముతాడులే” అని అమ్మకి సర్దిచెప్పాడట. ఆ కొట్లో తాళ్ళ చుట్టలకి చుట్టి వచ్చే పాత పత్రికలే నా హైస్కూలు. సందు మూలనున్న అద్దె లైబ్రరీయే నా కాలేజీ. ఈ కాలేజీలో సీటు కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, పరీక్ష తప్పేదీ ఉండదు. అలా చదవగా చదవగా ఒకనాడు, “ఇలాంటివి నేనూ రాయగలను” అనిపించింది. (ఇలా అనిపించినవాళ్ళని ఆపే చట్టం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.)

నవల పేరు మాత్రం చెప్పను. చెబితే ఎవరన్నా పాత పుస్తకాల కొట్లో వెతికి పట్టుకుని చదువుతారేమోనని భయం. కథ చెబుతాను, అది తెలియకపోతే నా అవస్థ మీకు బోధపడదు. నా చిన్నతనంలో ఒక గాలివానకి మా అయ్య పడవా, మా చిన్నాయన పడవా నడి సముద్రంలో చిక్కుకున్నాయి. విడిపోకుండా రెండింటినీ ఒక లావుపాటి మోకుతో కలిపి కట్టుకున్నారట. అయ్య పడవ ఒడ్డుకొచ్చింది. చిన్నాయన పడవ రాలేదు. అయ్య పడవకి మోకు ముక్క వేలాడుతోంది. “ఇది తెగిన మోకు కాదు, కోసిన మోకు” అన్నాడు ఒడ్డున నిలబడ్డ ఒకాయన. ఆయన్ని మేం బోసి తాత అనేవాళ్ళం. నోట్లో పళ్ళు లేవు గానీ ఆ మాట మాత్రం ఊరికి గట్టిగానే పట్టుకుంది. మొహాన అడిగినవాడు లేడు, వెనకాల అనుకోనివాడు లేడు. అయ్య ఆ సంగతి మీద ఏనాడూ నోరు విప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే ధైర్యం లేక నవల రాశాను.

నవలలో తండ్రికి మా అయ్య కుంటికాలు ఇచ్చాను, మా అయ్య కాల్చే చుట్ట ఇచ్చాను, కోపం వస్తే మా అయ్య చేసే హుంకారం కూడా ఇచ్చాను. పేరు మాత్రం మార్చాను. (అంత తెలివి ఉంది.) మొదటి పేజీ నుంచీ ఊరంతా ఆ తండ్రిని అనుమానిస్తుంది. పోనుపోను కొడుకూ అనుమానిస్తాడు. వీడు ఆస్తి కోసం తమ్ముణ్ణి సముద్రానికి అప్పగించిన దుర్మార్గుడని పాఠకుడు కూడా పళ్ళు కొరికేలా రాశాను. ఎందుకంటే ఆఖరి అధ్యాయంలో అదంతా పటాపంచలైపోవాలి. అందులో పడవ నడిపే ఒక ముసలి సరంగు చావుమంచం మీద నిజం చెబుతాడు: రెండు పడవలూ మునిగేలా ఉంటే తమ్ముడే మోకు కోసుకుని అన్నని బతికించాడు, అన్న ఆ దుఃఖాన్నీ ఊరి నిందనీ నోరెత్తకుండా మోశాడు. అప్పుడు ఊరు ఏడుస్తుంది, కొడుకు ఏడుస్తాడు, తండ్రి ఏడుస్తాడు, చాలదన్నట్టు వానా కురుస్తుంది. ఆ అధ్యాయం రాస్తూ నేనే రెండు తువ్వాళ్ళు తడిపాను. నవల అంతా ఆ అధ్యాయం కోసమే. అది మా అయ్యకి నేను చెయ్యబోయే పట్టాభిషేకం.

పబ్లిషరు గారిని బజారంతా పొడుంగారు అనేది. ముక్కుపొడుం ఎక్కించకుండా ఏ నిర్ణయమూ తీసుకునేవారు కారు. నా రాతప్రతిని ఆయన చదవలేదు. అరచేతిలో పెట్టుకుని, మామిడిపండు బరువు చూసినట్టు చూసి, “పదకొండు ఫారాలొస్తుంది” అన్నారు. (అచ్చుపనిలో ఫారం అంటే పదహారు పేజీలు.)

“ఏడుపుందా?” అని అడిగారు.

“ఉందండీ. చివర్లో బాగా ఉంది.”

ఆయన పొడుం పీల్చి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని, “అయితే వేస్తున్నా పో” అన్నారు.

ఆ సంగతి బయటపెట్టకుండా దాచుకునే గుణం నాకుంటే ఈ కథ లేదు. కొట్లో షావుకారు గారికి చెప్పాను. “నీ పేరు వేస్తారా? అయితే మన కొట్టు అడ్రసు కూడా కింద వెయ్యమను” అన్నారాయన. హోటలు సర్వరుకి చెప్పాను. రైలుకట్ట దగ్గర తాళ్ళ బండి లాగే సాయిబు గారికి చెప్పాను. ఊరికి వెళ్ళి మా అయ్యకి చెప్పాను.

“అందులో నువ్వున్నావు అయ్యా” అన్నాను.

వల బాగుచేస్తున్న ఆయన చేయి ఆగింది. “నన్నెందుకురా లాగావు మధ్యలో? ఏం రాశావు?”

“అది ఇప్పుడు చెప్పకూడదు. చివరిదాకా విను, నీకే తెలుస్తది.”

అయ్య నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. కోపం కాదు. పడవలో నా కడుపు తిప్పుతుంటే నీళ్ళు అందిస్తూ చూసేవాడు, అలాంటి చూపు. “సరేలే” అన్నాడు. “చివరిదాకా వింటా.”

ప్రతులు వచ్చిన రోజు నేను చేసిన పనులు వరసగా చెప్పగలను. వాసన చూశాను. అట్టమీద నా పేరు చూశాను. లోపల నా పేరు చూశాను. “మా అయ్యకి” అన్న అంకితం పేజీ చూశాను. మళ్ళీ అట్టమీద నా పేరు చూశాను. లోపలి కథ కంఠతా వచ్చు గనక అది తెరిచి చూడలేదు. (ప్రపంచంలో మొదటి పుస్తకం వచ్చిన ప్రతి మొనగాడూ ఇంతే. ఎవరన్నా కాదంటే అబద్ధం.) ఆ సాయంత్రమే ఒక ప్రతిని పాత పేపర్లో చుట్టి, బందరు బస్సు కండక్టరు చేతికిచ్చి, ఊరికి చేర్చే ఏర్పాటు చేశాను. మా అక్కకి చిన్న కబురు కూడా పెట్టాను: “అయ్యకి చదివి వినిపించు. ఏం జరిగినా మధ్యలో ఆపొద్దు. చివరిదాకా చదువు.” అయ్యకి అక్షరం రాదు. మా అక్క అయిదో తరగతే గానీ గొంతు విప్పి చదివితే ఎదురింటి వాళ్ళు పొయ్యి మీద కూర మర్చిపోయేవారు. ఆమె చదువుతుంటే అయ్య ఒక్కడే వినడం అనేది మా పల్లెలో జరిగే పని కాదు, పేటంతా చేరుతుంది. చేరాలనే నా కోరిక కూడా. బోసి తాత వినాలి గదా!

కొన్నాళ్ళకి, నా పుస్తకం ఎవరు తీసుకెళ్తున్నారో చాటుగా చూసి మురిసిపోదామని మూలనున్న అద్దె లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ పెద్ద గొడవ జరుగుతోంది. అందరూ అన్నయ్య అని పిలిచే లైబ్రరీ ఆయన ఒక పుస్తకం ఊపుతూ అరుస్తున్నాడు. ఎదురుగా మిషన్ స్కూల్లో పనిచేసే టీచరమ్మ గారు గొడుగు నేలకి పొడిచి నిలబడ్డారు.

“కొత్త పుస్తకమండీ! మీరే మొదట తీసుకెళ్ళారు. చివరి పేజీలు మీరు చించకపోతే ఎవరు చించారు, నేనా?”

“ఏవయ్యా, నోరు జాగ్రత్త! ఆదివారం చర్చిలో పాట పాడే నోటితో అబద్ధమాడతానా? నాకు ఇచ్చినప్పుడే లేవు. తెల్లార్లూ కూర్చుని చదివితే, ఆ ముసలాడు తమ్ముణ్ణి చంపాడో లేదో తేలకుండానే పేజీలు అయిపోయాయి. నా నిద్ర పాడైంది, నువ్వే నాకు బదులు చెప్పాలి!”

“చంపాడండీ, అందులో అనుమానమేముంది” అన్నాడు పక్కన నిలబడ్డ బట్టల కొట్టు గుమాస్తా. “వాడి చుట్టా, వాడి చూపూ చూస్తే తెలవట్లా? చివర్లో కొడుకు వాణ్ణి పోలీసులకి పట్టించుంటాడు.”

ముసలాడు, తమ్ముడు, చుట్ట. నా గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. అన్నయ్య చేతిలోంచి పుస్తకం లాక్కుని చివర తెరిచాను. చింపిన గుర్తు లేదు. పదో ఫారం ఉంది. దాని తర్వాత అట్ట ఉంది. ఆఖరి పేజీలో ఆఖరి వాక్యాలు ఇవి: “‘చెప్పు అయ్యా, తాడు ఎవరు కోశారు?’ అని కొడుకు గర్జించాడు. తండ్రి తలెత్తాడు. కొడుకు కళ్ళలోకి చూశాడు. నోరు తెరిచి,”

అంతే. కామా. ఆ పైన అట్ట.

పొడుంగారి ఆఫీసుకి ఎలా వెళ్ళానో గుర్తులేదు. దారిలో ఒక మిరపకాయల బస్తాని గుద్దుకున్నానని తర్వాత తుమ్ములవల్ల తెలిసింది. ఆయన తాపీగా కూర్చుని ఉన్నారు.

“ఆఖరి ఫారం ఏదండీ?”

“కాగితం కరువయ్యా. ఊళ్ళో రీము దొరకటం లేదు. ఉన్న కాగితం పది ఫారాలకే వచ్చింది.”

“అందుకని కథ కోసేస్తారా?”

“మరేం కొయ్యమంటావు, నా తలా?” అంటూ డబ్బీ తెరిచారు. “ఇదిగో అబ్బాయ్, నేను ఈ వ్యాపారంలో ముసలాణ్ణయిపోయాను. అద్దె లైబ్రరీలో నవలకి ముందుగా ఊడేది ఆఖరి ఫారమే. ఎలాగూ ఊడేదానికి కాగితం దండగ. ముందే ఊడిందనుకో! జనం లైబ్రరీవాణ్ణి తిడతారు గానీ నిన్నూ నన్నూ అనరు.”

“ఆ తండ్రి హంతకుడు కాదండీ!”

“అది నీకూ నాకూ తెలుసు గదా, చాలు.”

“మీకెలా తెలుసు, మీరు చదవలేదుగా?”

“నువ్వు చెప్పావుగా ఇప్పుడే” అని హాయిగా తుమ్మారు. రీప్రింటులో వేద్దామన్నారు. (ఆ రీప్రింటు కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను. పొడుంగారు పోయి చాలాకాలమైంది, నాకు మాత్రం ఆయన మీద కోపం ఇంకా తాజాగానే ఉంది. దాన్ని వృథాగా పోనివ్వను.)

ఆ క్షణాన నాకు బెజవాడ పాఠకులు గుర్తులేరు. మా పల్లె గుర్తొచ్చింది. మా అక్క గొంతు గుర్తొచ్చింది. ఏం జరిగినా ఆపొద్దన్నాను గదా, ఆమె రోజుకింత చొప్పున చదువుతూనే ఉంటుంది. పేటంతా వింటూనే ఉంటుంది. బోసి తాత ముందు వరసలో కూర్చుని, ఇన్నాళ్ళూ తాను గొణిగిన మాటని అచ్చులో వింటాడు. చివరికి ఏమవుతుంది? కన్నకొడుకు నిలదీశాడు, తండ్రి నోరు తెరిచాడు, పుస్తకం అయిపోయింది. ఊరు వెనకాల అనుకున్నదాన్ని నేను పుస్తకం కట్టి, నా పేరు వేసుకుని, “మా అయ్యకి” అని అంకితమిచ్చి మరీ పంపించాను!

ప్రెస్సులో ఫోర్‌మన్ గారి కాళ్ళావేళ్ళా పడితే, ఆఖరి అధ్యాయం గ్యాలీ ప్రూఫులు వెతికి ఇచ్చారు. గ్యాలీ ప్రూఫులంటే పేజీలుగా విడగొట్టకముందు పొడుగాటి కాగితాల మీద తీసిన అచ్చు. అవి చేంతాడంత పొడుగున్నాయి. మడిస్తే చిరుగుతాయని భయపడి నడుముకి చుట్టుకుని పైన చొక్కా వేసుకున్నాను. షావుకారు గారికి ఒంట్లో బాగాలేదని చెప్పాను. నా మొహం చూసి ఆయన నమ్మేశారు, పైగా బత్తాయిలు కొనుక్కోమన్నారు.

బస్సు ఉయ్యూరు చేరేసరికి ఆగిపోయింది. ముందంతా ఫ్యాక్టరీకి చెరకు తోలుకెళ్ళే ఎడ్లబళ్ళు. ఒకదాని వెనకొకటి, కనుచూపుమేర కదలకుండా ఉన్నాయి. బండ్లవాళ్ళు దిగి చుట్టలు కాల్చుకుంటున్నారు. ప్రయాణికులు దిగి చెరకు గడలు లాక్కుని నములుతున్నారు. ప్రపంచంలో ఎవరికీ తొందర లేదు.

“ఎంతసేపండీ?” అన్నాను కండక్టరుతో. పుస్తకం పట్టుకెళ్ళిన కండక్టరే ఆయన.

“బళ్ళు కదిలితే కదులుద్ది. ఏంటీ, ఆస్పత్రా?”

“కాదండీ. నవల.”

“ఓ, మీరా! ఇచ్చేశానండీ మీ అక్కగారికి. తిరుగు ట్రిప్పులో మా బస్సులో మీ ఊరి చేపల బుట్టలోళ్ళు అదే చెప్పుకుంటున్నారు. వాడెవడో తమ్ముడి తాడు కోసేశాడంటగా?”

“కొయ్యలేదండీ!” అని ఎంత గట్టిగా అరిచానంటే ముందున్న ఎద్దు తల తిప్పి చూసింది. ఇక కూర్చోలేకపోయాను. దిగి బళ్ళ మధ్యన పరిగెత్తాను. చెమటకి నడుము చుట్టూ ఉన్న గ్యాలీ ప్రూఫులు వంటికి అతుక్కున్నాయి. సిరా దిగి, నా ఆఖరి అధ్యాయం అద్దంలో చూసినట్టు తిరగబడి నా పొట్టమీద అచ్చుపడింది. (ఆ నవలకి రెండో ముద్రణ అంటూ జరిగితే అదొక్కటే.) బళ్ళ వరస దాటాక ఒక లారీ, అది దిగాక ఒక సైకిలు, కాలువ దగ్గర బల్లకట్టు, ఆ పైన ఇసకలో నడక. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకుంటున్నాను: అక్క ఎంతవరకు చదివి ఉంటుంది? మధ్యలో ఎవరికన్నా జ్వరమో, పెళ్ళో వచ్చి చదువు ఆగి ఉంటే బాగుండును. ఎవరికైనా ఒక చిన్న జ్వరం. అంతకంటే ఎక్కువ కోరలేదు.

పొద్దువాలుతుండగా చేరాను. ఒడ్డున లాగి పెట్టిన పడవల నీడలో పేటంతా కూర్చుని ఉంది. అక్క ఒక పడవ అంచు మీద కూర్చుని చదువుతోంది. ఆమె చేతిలో పుస్తకం ఏ పక్కన మందంగా ఉందో, ఏ పక్కన పలచబడిందో దూరం నుంచే కనిపించింది. అయ్య అందరికీ వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి, ఒళ్ళో వల పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు ఆడటం లేదు. బోసి తాత నోరు తెరుచుకుని వింటున్నాడు.

“‘చెప్పు అయ్యా, తాడు ఎవరు కోశారు?’ అని కొడుకు గర్జించాడు” అని చదువుతోంది అక్క.

నేను ముందుకు పోబోయాను. ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలూ అడ్డం. “ఒరేయ్, కూచోరా, ఆఖరికొచ్చింది!” అని ఎవరో నా పంచె పట్టి లాగారు. నేనే ఆ నవల రాసినవాణ్ణని చెప్పేలోగానే అక్క తర్వాతి వాక్యం అందుకుంది.

“తండ్రి తలెత్తాడు. కొడుకు కళ్ళలోకి చూశాడు. నోరు తెరిచి,”

అక్క పేజీ తిప్పింది. అక్కడ ఏముందో ఆ ఒడ్డున నాకొక్కడికే తెలుసు. అట్ట. ఉత్త అట్ట. అక్క కళ్ళు ఒక్క క్షణం దాని మీద నిలిచాయి. గొంతు మాత్రం ఆగలేదు.

“నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు” అని చదివింది అక్క. “కొడుకు తండ్రి మొహం చూశాడు. ఇంక అడగబుద్ధి కాలేదు. పక్కన కూర్చున్నాడు. వల రెండో కొస తన ఒళ్ళోకి లాక్కున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ వల బాగుచేసుకున్నారు. ఇంట్లో అన్నానికి పిలిస్తే లేచి, తండ్రి తన తమ్ముడి కంచం కూడా కడిగి పక్కన పెట్టుకున్నాక, ఇద్దరూ తిన్నారు.”

పుస్తకం మూసింది. “అయిపోయింది” అంది.

ముందుగా బోసి తాత కదిలాడు. “మరి తాడెవురు కోశారమ్మాయ్?”

“అది రాయలేదు తాతా.”

“రాయకపోతే ఎట్టా? ఇన్నాళ్ళు కూకోబెట్టి!”

“ఏం, రాయాలా?” అంది చేపల బుట్ట మీద కూర్చున్న ఒకావిడ. “కంచం కడిగి పెట్టుకుంటన్నాడని రాశాడుగా. తాడు కోసినోడు కంచం పెట్టుకుంటాడా? పళ్ళతోపాటు బుర్ర కూడా ఊడిందా నీకు?”

జనం నవ్వారు. తాత కూడా తల గోక్కుని, “అంతేలే” అన్నాడు. అన్నది చిన్నగానే, కానీ అందరూ విన్నారు. అయ్య ఇటు తిరగలేదు. కండువాతో మొహం తుడుచుకుని, వల మడిచి, కుంటుకుంటూ లేచి, అప్పుడు నన్ను చూశాడు. వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. వల తాళ్ళు లాగి లాగి గరుకెక్కిన చెయ్యి.

“బాగా రాశావురా” అన్నాడు. “మధ్యలో భయపడ్డాను. చివర బాగా రాశావు.”

ఆ తర్వాత చాలా రాశాను. సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు (ఒక్కటీ చలికి పనికిరాదు). అలాంటి మాట మాత్రం మళ్ళీ ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాట అన్నది కూడా నేను రాయని దాని గురించి!

ఆ రాత్రి అన్నం తిన్నాక అక్కని పెరట్లో పట్టుకున్నాను. “అక్కా, చివర పేజీలు లేవుగా?”

“లేవు. అట్టే ఉంది.”

“మరి అదంతా ఏంటి?”

“ఏంటంటే? అయ్య వీపు నాకు ఎదురుగా ఉంది. పేటంతా నా నోరు చూస్తా ఉంది. కామా దగ్గర ఆపమంటావా? నువ్వేగా ఏం జరిగినా ఆపొద్దని కబురెట్టావు.”

నడుముకి చుట్టుకున్న గ్యాలీ ప్రూఫులు విప్పి ఆమె చేతిలో పెట్టాను. “అసలు చివర ఇదీ. చదువు.” దీపం దగ్గర కూర్చుని చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె కళ్ళలో నీళ్ళు వస్తాయేమోనని చూశాను. రాలేదు. ఒకచోట మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి.

“ఇంతమంది ఏడుపెందుకురా? వాన కూడా ఏడవాలా?”

“అది ప్రకృతి సానుభూతి!” అన్నాను మండిపడుతూ. (ఆ మాట అద్దె లైబ్రరీలో ఒక విమర్శ పుస్తకంలో నేర్చుకున్నాను.)

“ఏమోనమ్మా. ఇది చదివితే అయ్య లేచి లోపలికి పోయేవాడు. ఊరి ముందర ఆ సరంగు సాచ్చికం చెబితేగానీ అయ్య మంచోడు కాదా?”

నాకు చాలా కోపం వచ్చింది. సాహిత్యం తెలియనివాళ్ళతో మాట్లాడటం నాదే బుద్ధి తక్కువ అని లేచి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున చూస్తే, ఆ గ్యాలీ ప్రూఫులు ఎండుచేపల బుట్టలో అడుగున పరిచి ఉన్నాయి. పరిచింది మా అమ్మ. “సిరా కాగితానికి పురుగు పట్టదురా” అంది. నా ఆఖరి అధ్యాయం ఆ విధంగా బందరు సంతకి వెళ్ళింది.

మా అయ్య ఆ పుస్తకాన్ని తన రేకు పెట్టెలో, కొత్త పంచె మడతలో పెట్టుకున్నాడు. ఎవరూ ముట్టుకోకూడదు. అక్కకి తప్ప ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అక్క అదృష్టమో, నా అదృష్టమో, ఆ ఆఖరి మాటలు ఆయనకి ఒక్కసారి వినగానే నోటికొచ్చేశాయి. ఇంటికెవరొచ్చినా, “మావోడి బుక్కు చివర ఏం రాశాడో విన్నారా?” అని కంచం దాకా అప్పజెప్పేవాడు. ఒకసారి బందరు నుంచి వచ్చిన బ్యాంకాయన, పాపం, అద్దెకి తెచ్చి చదివినవాడు, “మేం చదివిన దాంట్లో అది లేదండీ, కామా దగ్గర ఆగిపోయింది” అన్నాడు. అయ్య హుంకరించాడు. నవలలో నేను రాసిన హుంకారమే అది. “అద్దె బుక్కులు చదివితే అట్టానే ఉంటది! సొంతానికి కొనుక్కోండి, చివరిదాకా ఉంటది!” బ్యాంకాయన నావైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

అయ్య పోయాడు. పెట్టెలోని ఆ ప్రతి ఇప్పుడు నా దగ్గరుంది. అప్పుడప్పుడు తీసి, ముసలి కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరి మీదనో కసి తీర్చుకుంటున్నట్టు రాసిన ఆ పది ఫారాలూ తిరగేస్తాను. ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. నడుముకి పదహారు పేజీల ఏడుపు చుట్టుకుని చెరకు బళ్ళ మధ్యన పరిగెత్తుతూ, తాను వెళ్ళకపోతే కొంప మునిగిపోతుందనుకున్నాడు పాపం. ఆఖరి కామా దాకా వచ్చి, పేజీ తిప్పుతాను. ఎదురుగా ఉత్త అట్ట. అక్కడికొచ్చేసరికి మాత్రం కళ్ళద్దాలు తీసేస్తాను. ఆ తర్వాతది చదవడానికి అవి అక్కర్లేదు.